నీళ్ళు ముట్టని అభ్యర్థి

కెలవరపల్లి డ్యాము దగ్గరి పల్లెలో అంగడి విశ్వేశ్వరయ్య కూతురు పుష్పవతిని ఎరగని వాళ్ళు లేరు. బెంగళూరులో పెద్ద చదువు చదివి, అక్కడే నీళ్ళు పరీక్షించే ల్యాబులో సైంటిస్టుగా కుదిరింది. ఏటి పక్క ఊళ్ళ నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయేది, అవి విషమవుతున్నాయని రిపోర్టులు పై ఆఫీసుకు పంపేది. ఆ రిపోర్టులు ఆడనే కాళ్ళు చాపుకుని పడుకునేవి. చూసి చూసి ఒళ్ళుమండి, రెండువేల ఒకటిలో ఉద్యోగం వదిలేసి పంచాయతీ ప్రెసిడెంటుగా నిలబడింది. ఏటి గట్టు బోరు నీళ్ళు తాగొద్దని, గెలిస్తే ఎగువ చేలోని మంచి బావి నుంచి పైపు వేయిస్తానని ఇల్లిల్లూ చెప్పుకొచ్చింది.

ఆ మాటే మెడకు చుట్టుకుంది. ఓటడగ వచ్చిన మనిషికి చెంబుతో నీళ్ళివ్వడం అక్కడి మర్యాద. ముట్టకపోతే ఇంటిని తక్కువ చేసినట్టే. పుష్పవతి చెంబు పక్కన పెట్టి, సంచిలోంచి సొంత సీసా తీసేది. పోటీకి నిలబడ్డ నారాయణప్పకు ఇంకేం కావాలి? ఇంటింటా చెంబెడు తాగి మీసం తుడుచుకుంటూ పోయేవాడు.

ఒకనాడు మద్దమ్మ అనే ముసలామె వాకిట్లోనే నిలదీసింది.

"ఏమ్మా, అంగడోళ్ళ బిడ్డకు మా చెంబు పనికిరాదా?"

"చెంబుకేమి పెద్దమ్మా, బోరు నీళ్ళే బాగలేవు. చెప్పినాను కదా."

"నువ్వు చెప్పింది నీళ్ళ సంగతి. మాకు కనిపించింది నీ సీసా."

పుష్పవతి సీసాను సంచిలో పెట్టేసి వెనక్కి తిరిగింది.

మరునాడు ఎగువ బావిలో తోడిన నీళ్ళ బిందెను చంకన పెట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. మద్దమ్మ ఖాళీ కడవలో వంచి అరుగు మీద కూలబడింది.

"ఇప్పుడు నీ చెంబుతో ఇయ్యి పెద్దమ్మా."

మద్దమ్మ ముంచి ఇచ్చింది. పుష్పవతి చుక్క మిగల్చలేదు.

"ఇంత దూరం మోసుకొస్తివా? బలే పిచ్చిదానివమ్మా," అంటూ ముసలామె తానూ చెంబెడు తాగింది.

ఆపైన ఓటడగబోయిన ప్రతి ఇంటికీ ముందు బిందె నడిచింది. నారాయణప్ప రచ్చబండ దగ్గర నవ్వాడు.

"ప్రెసిడెంటుకు నిలబడిందో, నీళ్ళు మోసే కూలికో!"

"నువ్వు తాగి పోతివప్పా," అంది మద్దమ్మ, "ఆయమ్మ తెచ్చి పోసింది."

ఆ ముక్క సాయంత్రానికి ఊరంతా పాకింది. ఓట్ల పెట్టెలు తెరిస్తే పుష్పవతే గెలిచింది. పైపు పడేసరికి మరుసటి ఎండాకాలం వచ్చింది, గవర్నమెంటు పని కదా. కొళాయి తిప్పిన రోజున వరసలో అందరికన్నా ముందు ఉన్నది నారాయణప్పే, చేతిలో బిందెతో.

"పట్టుకోన్నా," అంటూ పుష్పవతి పక్కకు జరిగింది.