పెళ్లిచూపుల్లో సర్ఫు నీళ్లు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, జ్ఞానం అంతకంటే కొత్త. జగిత్యాలలో పశువుల ఆరోగ్యం మీద శిక్షణ ముగించుకుని వచ్చానో లేదో, నేను పనిచేసే సారంగాపూర్ మండలంలో రోగం లేని ఆవు ఒక్కటీ లేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. వాపూ జ్వరమూ పైకి కనబడకుండా పొదుగులో దాక్కునే పొదుగువాపు జబ్బును పట్టే విద్య నేర్చాను మరి! (అందుకు కావలసింది పాలు, సర్ఫు నీళ్లు, కాస్త అహంకారం. మూడోది నా దగ్గర క్యాన్లకొద్దీ ఉండేది.)

అలాంటి మహానుభావుణ్ణి మా మేనమామ కోరుట్లకు పెళ్లిచూపులకు తీసుకెళ్లాడు. అమ్మాయి నాన్న మస్కట్ నుంచి వీడియో కాల్‌లో హాజరు. అమ్మాయి చాయ్ తెచ్చింది. నాకు నచ్చింది, నిజంగానే నచ్చింది. అంతా సవ్యంగా సాగుతుండగా వాళ్లమ్మ నిట్టూర్చింది. "చాయ్ల పాలు తక్కువైనయ్ బాబూ. మా ఆవు గౌరి మంచిగనే తింటది. ఎవల దిష్టి తాకిందో, పాలు తగ్గినయ్."

మామూలు మనిషైతే తల ఊపి ఊరుకుంటాడు. నేను నిపుణుణ్ణి కదా! తాగిన కప్పులే కడిగించి, సర్ఫు అడిగి తీసుకుని కొట్టంలోకి నడిచాను. నాలుగు చన్నుల పాలు వేర్వేరుగా పిండి, సర్ఫు నీళ్లు కలిపి తిప్పాను. మూడు కప్పుల్లో పాలు పలచగానే ఉన్నాయి. నాలుగో కప్పులో గంజిలా చిక్కబడి జిగురు సాగాయి. "దొరికింది! పొదుగువాపు!" అని సంబరంగా కేక పెట్టాను.

"పిల్లను సూడుమని పిలిస్తె మా గౌరికి వంక పెడ్తున్నవా?" అని వాళ్లమ్మ మండిపడింది. నా వెనకే వచ్చిన అమ్మాయి చేతిలోని ఫోన్లోంచి వాళ్ల నాన్న, "ఏమైందే? పిల్లగాడేడి? నాకు ఆవు తోకనే కనవడ్తుంది!" అని అరిచాడు. అమ్మాయి మాత్రం చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిరుగు బస్సులో మామ జగిత్యాల దాకా నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. దిగాక, "అరేయ్, నీకు పిల్లనిచ్చేటోడు ఇంక పుట్టలే" అన్నాడు. ఆ నవ్వు ఇక దక్కదని నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మీరు చెప్పింది నిజమేనట. డాక్టర్ వచ్చి మందు పెట్టిండు. పాలు మల్ల మంచిగైనయ్. అమ్మ మిమ్ముల రమ్మంటంది. గని కొట్టంలకు పోవద్దట!"

వెళ్లాను, కొట్టంలోకి మాత్రం పోలేదు. పెళ్లయింది. ఇప్పుడు మా ఆవిడ ముఖం ముడుచుకుని "ఏం లేదు" అన్నప్పుడల్లా, లోపల ఏముందో తెలియక గుమ్మంలో నిలబడిపోతాను. అప్పుడు నాలుగు కప్పులు పట్టుకుని కొట్టంలోకి దూకిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడైతే నిమిషంలో తేల్చేసేవాడు. పాపం, వాడి నమ్మకం అలాంటిది.