వదిన పేరు రాసిన సీసా

మొన్న ఆదోనిలో మా కోడలు, మూత్ర పరీక్షకని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చిన్న డబ్బా తీసుకుని లోపలికి పోయి, నింపి తెచ్చి, తీసుకునే మనిషి ముఖమైనా చూడకుండా బల్లమీద పెట్టి వచ్చి కూర్చుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ నీళ్లు యాడికి పోతాయో, వాటితో ఎవరేం చేస్తారో ఒక్క మాటైనా అడగవేమే అంటే నవ్వింది. ఆ అనుమానం ఎంత పెద్దదో మా ఈడువాళ్లకైతే చెప్పనక్కరలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో మా ఇల్లు. నాకు పదహారేళ్లు, నోరు విప్పితే అబద్ధం, అదీ ఊరంత అబద్ధం. మా వదినకు అప్పటికి రెండు కాన్పులు ఏడో నెలలోనే అయి, రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మూడోసారి ఆరో నెల చివర్లో ఉండగా ఆదోని నుంచి జీపులో ఒక డాక్టరమ్మ రావడం మొదలుపెట్టింది. నెలలు నిండకుండా కాన్పులెందుకవుతాయో పరిశోధన చేస్తున్నదట. మనిషి దిగులుపడినా, భయపడినా ఒంట్లో ఒక రసం ఊరుతుందనీ, దాన్ని హార్మోను అంటారనీ, అది మూత్రంలో దిగుతుందనీ, కొలిచి చూస్తే ఎవరికి ముందుగా నొప్పులొస్తాయో తెలియవచ్చుననీ చెప్పి, ఒక పగలూ ఒక రాత్రీ పోసిందంతా పట్టమని వదిన పేరు రాసిన పెద్ద గాజుసీసా ఇచ్చింది. అంతటితో ఊరుకుందా, అత్త తిడుతుందా, మొగుడు కొడతాడా, నిద్ర పడుతుందా అని గుచ్చిగుచ్చి అడిగి పుస్తకంలో రాసుకుంది. "కాపురాలు కూల్చనీకి వచ్చినట్లుండాదే ఈయమ్మ" అని మా అమ్మ గొణిగింది.

నేను ఊరుకుంటానా! అన్నతో నూలుకు ఆదోని పోయినప్పుడు కళ్లారా చూసినానని, ఆసుపత్రిలో ఒక గది నిండా పేర్లున్న సీసాలేనని, డాక్టరమ్మ ఏ సీసా ఊపితే ఆ మనిషి కడుపు ఊగుతుందని వదినకు చెప్పినాను. నిజానికి ఆ ఆసుపత్రి గడప నేను తొక్కనే లేదు. తమాషా ఏమంటే, చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. వదిన తిండి మానేసింది. సీసా ఇవ్వకుంటే అన్న కోప్పడతాడు, ఇస్తే బిడ్డకేమవుతుందోనని భయం. చివరికి ఆ సీసా నేనే నింపినాను. పెళ్లికానిదాన్ని, ఊపితే నాకేం ఊగుతుంది?

వారం తిరిగి, వదినకు ఏడో నెల పడిందో లేదో, ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. డాక్టరమ్మ గడపలోనే అన్నను పట్టుకుని, బిడ్డ బాగుంటే ఆ నీళ్లలో కనబడవలసినది కనబడలేదని, లోపల బతికుందో లేదో అనుమానంగా ఉందని, వెంటనే ఆదోనికి తీసుకుపోవాలని చెప్పింది. మగ్గం వెనక ఉన్న వదిన ఆ మాట విన్నది. కడుపు పట్టుకుని కూలబడింది, నొప్పులు మొదలైనాయి.

నేను పోయి డాక్టరమ్మ కొంగు పట్టుకున్నాను. "ఆ సీసాలోవి నావి డాక్టరమ్మా" అని చెప్పేసినాను. అన్న చెయ్యెత్తినాడు. ఆమె అతన్ని పక్కకు నెట్టి, వదిన కడుపుమీద చెక్కగొట్టం ఆనించి విని, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటున్నదని చెప్పింది. వదిన నమ్మలేదు. నమ్మకుండా చేసింది నేనే గదా! "నువ్వు ఇని సెప్పు అమ్మీ. నువ్వు సెప్తేనే" అన్నది.

గొట్టానికి చెవి పెట్టినాను. పుట్టి బుద్ధెరిగినాక నిజం చెప్పడం అదే మొదలు, అది కూడా వదిన నమ్మదేమోనని భయం. "వదినా, గుర్రం పరిగెత్తినట్లుండాది" అన్నాను. చాలాసేపు నా మొహంలోకే చూసి, ఊపిరి వదిలింది.

పొద్దు కుంకేలోగా నొప్పులు సద్దుమణిగినాయి. డాక్టరమ్మ అంతసేపూ మగ్గం గుంట అంచున కూర్చునే ఉంది. పోయేముందు పుస్తకం తెరిచి మా ఇంటి పేజీని అడ్డంగా కొట్టేసింది. అది ఇక పనికిరాదట. నాతో మాత్రం, "నీ నోరు ఊరికే ఉండదు గదా, రోజూ ఈమెను నవ్వించు. మళ్లీ భయపెట్టినావంటే జీపులో నిన్నే వేసుకుపోతాను" అన్నది.

మూడు నెలలు కోతలు కోసినాను. మాధవరం దగ్గర తుంగభద్రలో మా తాత మొసలికి కల్లు తాగించి, దానిమీదెక్కి పెళ్లికి పోయినాడని చెబితే వదిన పొట్ట పట్టుకుని నవ్వేది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఆ కాన్పు ఏ పరిశోధనలోనూ లేదు.

వదిన నిరుడు పోయింది. ఇప్పుడు ఇంట్లో నేను నోరు తెరిస్తే చాలు, అందరికీ అనుమానమే. నిన్న మజ్జిగలో ఉప్పు సరిపోయిందన్నా, మా కోడలు రుచి చూసిగానీ నమ్మలేదు. వదినైతే నా మొహం చూసేది, అంతే.