మేడ మీది వెదురు గది

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను భీమిలి దారిలో, పూర్తిగా వెదురుతోనే కట్టిన ఒక కాఫీ హోటల్‌కి తీసుకెళ్ళింది. అందరూ తలలెత్తి పైకప్పు చూసి మెచ్చుకుంటుంటే, నేను మాత్రం కాఫీ గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి, స్తంభం మొదట్లో నేల మీద వేలితో రాసి చూశాను. పిండి లేదు. దాన్ని కట్టిన ఆర్కిటెక్టు అక్కడే ఉన్నాడు. నా వాలకం చూసి నవ్వి, "మందు నీళ్ళలో నానబెట్టి, ఆరాకే కట్టాం మేడం. పురుగు పట్టదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇరవయ్యేళ్ళ కిందట మా మావగారికీ ఒకాయన ఇంచుమించు ఈ మాటే చెప్పాడు.

మావగారు ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి, రిటైరయ్యాక కంచరపాలెంలో రైలుకట్ట పక్కనున్న సొంతింటికి వచ్చేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇనుము గురించి తప్ప మాట్లాడని మనిషి, ఉన్నట్టుండి వెదురు భక్తులైపోయారు. నరికితే మళ్ళీ మొలుస్తుందట, నాలుగేళ్ళకే చేతికొస్తుందట, కొలిమీ అక్కర్లేదు, పొగా రాదు. పాత మేడ ఇంకో శ్లాబు మొయ్యలేదు, వెదురైతే బరువే ఉండదు. కొడుకు పెళ్ళి కుదరగానే, కొత్త కోడలికోసమని మేడ మీద వెదురు గది మొదలుపెట్టారు. పచ్చి వెదురు గుమ్మం దాటి వస్తుంటే అత్తగారు ముఖం చిట్లించారట. అది సాధారణంగా ఎందుకు తెస్తారో అందరికీ తెలిసిందే కదా. గడలు అమ్మినాయనైతే, నెల్లాళ్ళు నీళ్ళలో నానితేగాని పురుగు వదలదన్నాడట. "నెల్లాళ్ళకి మూర్తం దాటిపోద్ది. కొలిమిలోంచి దిగిన ఇనుము సల్లారితే సాలు, దీనికింత బోగవేటి?" అన్నారట మావగారు. అంటే ఆ తొందరంతా నాకోసమే. ఆ సంగతే నా నోరు కట్టేసింది.

గది చల్లగా ఉండేది, అది అబద్ధం కాదు. మూడో నెల నుంచి, పురుగు తొలిచిన వెదురు పిండి రాలడం మొదలైంది. తలగడ మీద, దువ్వెనలో, మూత మరిస్తే మంచినీళ్ళలో. మంచం మీద నడుం వాలిస్తే చాలు, గోడలో ఎవరో తీరిగ్గా కూర్చుని జంతికలు నములుతున్నట్టు కరకరమని చప్పుడు. పొద్దున్నే లేచి, మావగారు మేడెక్కకముందే అంతా తుడిచేసేదాన్ని. మా ఆయనతో మొరపెట్టుకుంటే, "నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు" అని షిఫ్టుకి వెళ్ళిపోయేవారు. ధైర్యంలో మా ఆయన అంతటివారు. ఇక ఆదివారం వస్తే మావగారి పాత స్నేహితులు గది చూడ్డానికి బిలబిలమంటూ వచ్చేవారు. గోడలు తట్టేవారు, మంచం మీద కూర్చునేవారు. చివర్లో నా సాక్ష్యం ఉండాల్సిందే. "సెప్పమ్మా, ఒక్కరోజైనా ఏసీ కావాలనిపించిందేటి?" "లేదు మావయ్యా." అన్న ప్రతిసారీ నా తలుపుకి నేనే ఇంకో గడియ వేసుకుంటున్నట్టుండేది.

మా ఆయనదీ అదే ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. రెండేళ్ళకి ఆయనకి ఉక్కునగరంలో క్వార్టర్సు ఇస్తామని కాగితం వచ్చింది. పది రోజుల్లో సరేననాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. సరేనంటే, మావగారు ముచ్చటపడి కట్టిన గది కాదని పోతున్నామని ఊరంతా అనుకుంటుంది. కాదంటే నా బతుకింక ఆ పిండిలోనే. షిఫ్టులకి దూరమవుతోందని చెప్పాలని తొమ్మిది రోజులు మనసులో వల్లించాను. పదో రోజు మధ్యాహ్నం, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి ఇంటికొచ్చి, సరాసరి మేడెక్కాను.

మావగారు నా గదిలో స్టూలు మీద నిలబడి ఉన్నారు. చేతిలో ఇంజక్షన్ సిరంజి. ఒక్కొక్క కన్నంలోకీ కిరసనాయిలు ఎక్కిస్తున్నారు. కింద చేటలో అప్పుడే ఎత్తిన పిండి.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యా?"

"మొదట్నుంచీనమ్మా. నువ్వు బడికెళ్ళగానే వొచ్చి తుడిసేస్తాను. సల్లగుంది, బాగుంది అంతన్నావు కదా, నీకు తెలీదనుకున్నాను."

వల్లించిన మాట పక్కనపెట్టి, కాగితం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు.

"ఎళ్ళిపోండమ్మా. ఎవులడిగినా సిఫ్టులకి దూరవని నాను సెప్పుకుంటాను. పురుగు మాట మాత్రం ఎవులికీ సెప్పకు."

సరేనన్నాను. మేం వెళ్ళిన మర్నాడే ఆయన తన మంచం ఆ గదిలోకి మార్పించుకున్నారు. ఖాళీగా ఉంటే జనం ఎందుకని అడుగుతారట. అత్తగారు బతిమాలారు, తిట్టారు, ఆయన దిగలేదు. మేం చూడ్డానికి వెళితే, చొక్కా భుజాలు గబగబా దులుపుకుని, స్నేహితుల ముందు మళ్ళీ అదే ప్రశ్న. నేనూ అదే జవాబు. ఒక్కసారి నిజం చెప్పి ఉంటే కిందికి వచ్చేవారేమో, కానీ మాటిచ్చాను. అలా ఆరేళ్ళు, కన్నుమూసేదాకా అందులోనే ఉన్నారు.

ఆ గదిలోంచి బయటపడటానికి నాకు ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఆయన్ని అందులో పెట్టి వచ్చానన్న బాధలోంచి బయటపడటానికి ఇన్నేళ్ళూ చాలలేదు.