మైనమంటిన పుట్టుజుట్టు

రంగూన్‌లో ట్రౌట్ చేపలకు ఈగలు కట్టడంలో నన్ను మించిన మొనగాడు లేడని ఇప్పటికీ చెప్పుకుంటాను. అబద్ధం కాదు. ఆ పని ఊళ్ళో ఇంకెవడూ చేసేవాడు కాదు మరి.

అహ్లోన్ పేటలో ధాన్యం మిల్లు నడిపే దొర దగ్గర బట్లరుగా ఉండేవాణ్ణి. సెలవుకు స్వదేశం వెళ్ళినప్పుడల్లా అక్కడి చల్లటి ఏట్లో ట్రౌట్ చేపలు పట్టడం ఆయన పిచ్చి. ఆ చేపకు ఎగిరే ఈగలంటే ప్రాణం. అందుకని గాలానికి ఈకా, నూలూ, బొచ్చూ చుట్టి దొంగ ఈగ తయారుచెయ్యాలి. దొర వేళ్ళు మొద్దు. విద్య నాకు నేర్పి, పని నా నెత్తిన పెట్టాడు. నాలుగు వందల ఈగలు కట్టానని మనవలకు చెప్పాను. నలభై ఉంటాయేమో.

ఈగ ఒంటికి బొచ్చే ప్రాణం. పట్టుదారానికి మైనం పూసి, చిటికెడు నూగు తీసుకుని, వేళ్ళ మధ్య ఒకే వైపుకు పురిపెట్టాలి. అటూ ఇటూ నలిపితే ఊడిపోతుంది. ఎక్కువైతే అది ఈగ కాదు, గొంగళిపురుగు. ఒకసారి బియ్యం బస్తా గోనెపీచు వాడి చూశాను. నీళ్ళు తాగి రాయిలా మునిగింది. దొర కుక్క పైబొచ్చు బిరుసు, దారానికి అంటదు. దువ్వితే వచ్చే లోపలి నూగు మాత్రం వెన్న. ఏ బొచ్చునైనా తడిపి చూడకుండా రంగు తేల్చకూడదు, తడిస్తే ముదురుతుంది.

ఆ ఏడు దొరకు తేనెరంగు ఈగలు కావాలి. కుక్క నల్లది. దాచుకున్న కుందేలు తోలు ఎలుకలు కొట్టేశాయి. మర్నాడే దొర స్టీమరు.

తేనెరంగు మా ఇంట్లో ఉంది. మా పాపది. సెగ్గడ్డలు లేచి తల గొరిగించాల్సి వస్తే, మా ఆవిడ ఆ పుట్టుజుట్టును పసుపు గుడ్డలో మూటకట్టి సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. పాప కాస్త గట్టిపడ్డాక ముగ్గురం స్టీమరెక్కి వెళ్ళి సమర్పించాలని ఆవిడ కోరిక. అంతదాకా మూట ట్రంకుపెట్టెలో ఉండేది.

ఆ పొద్దున ఆవిడ పాపకు నీళ్ళు పోస్తోంది. నీళ్ళంటే పాపకు హడలు. ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. ఆ ఏడుపు చాటున మూట విప్పి చిటికెడు తీశాను. రెండు ఈగలయ్యాయి. అంత మెత్తటి ఈగలు నా చేతిలో మళ్ళీ రాలేదు. ఇది ఏ జంతువుదని దొర అడిగితే నీటిపిల్లిదన్నాను.

ఆ వానాకాలం జ్వరమొచ్చి పాప పోయింది.

మా ఆవిడ తప్పంతా తన మీద వేసుకుంది. "మొక్కు వాయిదా ఏసినాను మావా. అప్పన్న ఊరుకుంటాడేటి?" అనేది. "నీదేటి తప్పే" అనేవాణ్ణి. నేను మూట విప్పిన సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. చెబితే మనిషి మంచం పడుతుందని, అందుకే దాచానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అదీ గొప్పకే. ఆవిడ తనను తిట్టుకుంటున్నంత కాలం నన్నెవరూ తిట్టరు. అసలు సంగతి అది.

దొర సెలవు ముగించుకుని వచ్చి, ఈగల పెట్టె బాగుచెయ్యమని ఇచ్చాడు. అందులో తేనెరంగుది ఒకటే ఉంది. రెండోదాన్ని పెద్ద చేప తెంపుకుపోయిందని మురిసిపోతూ చెప్పాడు. వంటింటి వెనక కూర్చుని మిగిలినదాని దారం విప్పాను. దక్కినన్ని వెంట్రుకలు తెచ్చి మూటలో కలిపాను.

చివరికి ఇద్దరమే సింహాచలం బయల్దేరాం. ఆ ఉదయం ఆవిడ మూట విప్పి చూసుకుంటుంటే వేలికి జిగురు తగిలింది.

"ఇదేటి మావా, మైనమా?"

అప్పుడు చెప్పాను. నీటిపిల్లి అబద్ధంతో సహా.

"ఎన్ని కట్టినావు?" అంది.

"రెండు."

"రెండోదేది?"

"సేప తెంపుకుపోనాది. దొరగోరి ఊరి ఏట్లో."

ఆవిడ మూట ముడి మళ్ళీ వేసింది. ఒకటి మీద ఒకటి, మూడు ముడులు.

"అప్పన్న కోపం సంగతి నాకు తెల్దు మావా," అంది. "పాపకి నీల్లంటే బయ్యం. నీకు తెల్దా?"