పదకొండో నంబరు క్రాసింగ్

ఇసోబె తొకికో ఎవరినీ ఏదీ సూటిగా అడిగిన మనిషి కాదు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, కూరగాయల కొట్లో ముల్లంగి బెండు పట్టిందని కూడా చెప్పదు. "ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువేమోనండీ" అంటుంది. కొట్టతను గ్రహించి ఇంకో ముల్లంగి తీసి ఇస్తాడు. ఆ ఊరి మర్యాదే అంత. అడిగేవాళ్ళు సగం చెబుతారు, వినేవాళ్ళు మిగతా సగం అందుకోవాలి. మూడు తరాలుగా ఒకే వీధిలో కాపురం ఉన్నవాళ్ళ మధ్య ఈ పద్ధతి బాగానే చెల్లుతుంది. పురపాలక కార్యాలయంలో చెల్లదు. ఆ సంగతి తొకికోకి తెలిసొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

పుట్టింది కొండల్లో. పదహారో ఏట పట్టుమిల్లులో పనికొచ్చి, రైలు పట్టాలకి ఉత్తరాన ఉన్న ఆడపిల్లల హాస్టల్లో చేరింది. రోజూ సాయంత్రం దక్షిణం వైపు నుంచి కన్‌జి అనే కుర్రవాడు సైకిలు వెనక, సోయా పాలు విరిచి చేసే టోఫు పెట్టె కట్టుకుని, చిన్న బూర ఊదుకుంటూ పదకొండో నంబరు క్రాసింగ్ దాటి వచ్చేవాడు. దానికి గేటూ లేదు, గంటా లేదు. పట్టాల మధ్య నాలుగు చెక్కలు, పక్కన 'ఆగి, చూసి, దాటండి' అని రాసిన పలక, అంతే. హాస్టల్ పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. "నీ గిన్నెలో పడే ముక్కే ఎప్పుడూ పెద్దదేంటే, తొకీ?" అని వెనకనుంచి దెప్పేవాళ్ళు. ఏడేళ్ళు దెప్పించుకుని, ఆమె కూడా ఆ చెక్కల మీదుగానే దాటి దక్షిణానికి కోడలిగా వచ్చింది. పిల్లలు కలగలేదు. నలభై మూడేళ్ళు ఇద్దరూ కలిసి టోఫు చేశారు.

తరవాత కన్‌జి మరవడం మొదలుపెట్టాడు. ముందు చిల్లర మరిచాడు, ఆపైన రోజూ టోఫు వేసే ఇళ్ళు మరిచాడు, ఒకనాడు సోయా గింజలు నానబెట్టకుండానే రుబ్బుడుకి వేశాడు. కొట్టు మూసేశారు. మోకాళ్ళు అరిగిన తొకికో ఒక్కతీ అతన్ని లేవనెత్తలేకపోయేసరికి, పాత హాస్టల్ కూలగొట్టిన స్థలంలో వెలసిన వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చింది. ఇంటి పెరటి తలుపు నుంచి క్రాసింగ్ మీదుగా అక్కడికి రెండు వందల అడుగులు.

కన్‌జి గదికి పట్టాల వైపు కిటికీ ఉంది. పన్నెండుకి కాస్త ముందు రైలు పోతుంది. అది పోగానే తొకికో అన్నం డబ్బా పట్టుకుని పట్టాలు దాటుతుంది. "అదిగో, మా ఆవిడ" అని అతను కిటికీ దగ్గర్నుంచి వచ్చి బల్ల ముందు కూర్చుని, ఆమె తెచ్చింది తింటాడు. ఆమె పేరు మరిచాడు, తన పేరు కూడా ఒక్కోరోజు మరుస్తాడు. పట్టాలు దాటి వచ్చే మనిషి తన భార్య అన్నది మాత్రం మరవలేదు. ఆమెకి జ్వరమొచ్చిన రెండు రోజులూ నోరు బిగించుకుని కూర్చున్నాడు. "ఆయన ప్రాణం మీ కాళ్ళలో ఉందండీ" అన్నాడు డాక్టరు, నవ్వుతూనే. వీధిలో పదకొండిళ్ళకీ ఈ సంగతి తెలుసు.

ఆ లైను ఒకప్పుడు జోడు పట్టాలది. గూడ్సు బళ్ళు ఆగిపోయాక ఒక వరస పీకేశారు. మిగిలిన జాగాలో రెల్లు పెరిగింది. స్టేషన్ నుంచి ఏటి దాకా మూడు కిలోమీటర్లు అక్కడ నడకకీ సైకిళ్ళకీ బాట వేద్దామని పురపాలక సంఘం తలపెట్టింది. పౌరుల మాట వినే బాట వేస్తామని కమ్యూనిటీ హాల్లో బల్లలు వేసి, పెద్ద పటం పరిచి, రంగు చీటీలు పంచారు. కోరికలకి పసుపు, ప్రమాదాలకి ఎరుపు. దీనికి పెద్ద హగా అనే ఇంజనీరు, నలభై ఏళ్ళ నెమ్మదస్తుడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

తొకికో సోయా పిప్పితో బూరెలు చేసి పట్టుకెళ్ళింది. వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, చలికాలం ఏ మలుపులో గాలి కోస్తుందో పసుపు చీటీల మీద రాసి అంటించింది. చివరికి ఒక ఎర్ర చీటీ తీసుకుంది. పదకొండో నంబరు దగ్గర ఒక గంట పెట్టిస్తే బాగుండునని ఆమెకి ఎన్నాళ్ళనుంచో ఉంది. ఈమధ్య చెవులు సరిగా వినబడటంలేదు. కానీ 'గంట పెట్టండి' అని వస్తువు పేరు పెట్టి అడగడం బిచ్చమెత్తినట్టు ఉంటుందనుకుంది. అందుకని ఇలా రాసింది: 'ఇక్కడ రైలు చప్పుడు వినబడదు. ముసలివాళ్ళకి ప్రమాదం. తమరికి వీలైతే ఏదో ఒకటి ఆలోచించగలరు.' మంచి దస్తూరీ. హగా అది రెండుసార్లు చదివి, వంగి నమస్కరించాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మరీ అంత మంచిదైతే ఉన్న దారి కూడా పోతుంది.

వసంతంలో చుట్టుపలక వచ్చింది. అట్టకి కాగితాలు గుచ్చి ఇంటింటికీ తిప్పుతారు. చూసినవాళ్ళు చూశామన్నదానికి సంతకం బదులు తమ పేరు ముద్ర కొట్టి పక్కింటికి అందించాలి. చెత్త ఎత్తే రోజులు, కాలవ శుభ్రం చేసే వంతులు, అన్నీ దానిమీదే వస్తాయి. పలక రాత్రంతా ఇంట్లో ఉంచుకుంటే పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని భయం. ఆ ఏడాది వీధి పెద్ద వంతు తొకికోది. ఈసారి పలకకి పధ్నాలుగు కాగితాలున్నాయి. పేటలోకెల్లా తన వీధి పలకే ముందు చేరాలన్నది ఆమె ఒకే ఒక్క గర్వం. "బాట కాగితాలేనండీ, మనం చెప్పినవే" అని వెంటపడి ముద్రలు కొట్టించింది. ఊళ్ళో లేనివాళ్ళింట్లో గొడుగుల స్టాండు పక్కన ముద్ర ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. తనే కొట్టింది. ఒకటిన్నర రోజులో పలక ఆఫీసుకి చేరింది.

జూన్‌లో పసుపు టోపీలవాళ్ళు వచ్చి క్రాసింగ్ కొలుస్తుంటే, ఎదురింటి మొమోసె చూసింది. మొమోసె క్షౌరశాల నడుపుతుంది. ఆమె కత్తెర కన్నా నాలుక పదును. పలకతో పాటు ఇంటింటికీ వచ్చిన నకలు తిరగేసి, తొమ్మిదో పేజీ వేలితో పట్టుకుని పరుగున వచ్చింది.

"తొకికో గారూ, ఇది చదివారా? 'పౌరుల వినతి మేరకు పదకొండో నంబరు క్రాసింగ్ శాశ్వతంగా మూసివేత.' కింద మన పదకొండు ముద్రలూ సమ్మతి అట."

"చూశానని కదా కొట్టేది?"

"ఈసారి కాగితం మీద సమ్మతి అనే ఉంది. మనకి చదివే అలవాటెక్కడ ఏడిచింది? నేనూ కొట్టాను, జుట్టు కత్తిరిస్తూ ఎడం చేత్తో."

మర్నాడు తొకికో ఆఫీసుకి వెళ్ళింది. హగా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, ఎర్ర చీటీ ఫొటో బయటికి తీసి చూపించాడు.

"మీ మాట మీదే కదండీ, ఇసోబె గారూ. రైల్వేవాళ్ళు కూడా క్రాసింగ్ మూస్తేనే జాగా ఇస్తామన్నారు. ఇక ముసలివాళ్ళకి ప్రమాదమే లేదు."

"అవునండీ. నేను... గంటలాంటిది ఏదైనా..."

"గంటా?" హగా నిజంగానే తెల్లబోయాడు. "గంట అని రాయలేదే మీరు. రాసుంటే పై వాళ్ళతో పోట్లాడేవాణ్ణి."

అతను అబద్ధం ఆడలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, ఆఫీసు పెడుతుందా? తొకికో లేచి, శ్రమ ఇచ్చినందుకు క్షమించమని అతనికే మూడుసార్లు వంగి దండం పెట్టింది. తన మెడకి తనే ఉరి పేనుకుని, తాడు బాగుందని మెచ్చుకుని వచ్చినట్టయింది.

ఇంకా ఒక సభ మిగిలి ఉంది. అక్కడ లేచి అభ్యంతరం చెబితే మళ్ళీ ఆలోచిస్తారని హగాయే రహస్యంగా కబురు పెట్టాడు. మొమోసె ముందు రోజంతా నూరిపోసింది.

"చదవకుండా కొట్టామని చెప్పండి. సిగ్గేముంది? ఉన్న మాటేగా."

"నేను చెబితే పదకొండిళ్ళూ చదవలేదని చెప్పినట్టే. లేనివాళ్ళ ముద్రలు నేను కొట్టాను. వాళ్ళ మొహం ఎలా చూడను?"

"వాళ్ళ మొహాల సంగతి సరే. అక్కడ ఆయన మొహం చూడక్కర్లేదా మీరు?"

సభ రోజున తొకికో నిజంగానే లేచి నిలబడింది. హాలంతా తిరిగి చూసింది. వీధివాళ్ళంతా మొహాలు దించుకుని ఒళ్ళోని చేతులు చూసుకుంటున్నారు. హగా కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక్క మాట చాలు.

"బాట చాలా బాగా వేస్తున్నారు. అందరికీ కృతజ్ఞతలు" అని కూర్చుంది. చప్పట్లు కొట్టారు. మొమోసె కొట్టలేదు. ఆ రోజునుంచి ఆరు వారాలు తొకికోతో మాట్లాడలేదు కూడా.

సెప్టెంబరులో చెక్కలు పీకేశారు. బాట పొడుగునా మనిషి ఎత్తు రేకు కంచె కట్టారు, సైకిళ్ళవాళ్ళకి రైలు గాలి తగలకుండా. ఇప్పుడు అవతలికి పోవాలంటే స్టేషన్ దాకా నడిచి, వంతెన ఎక్కి దిగి, వెనక రోడ్డు పట్టుకుని రావాలి. తొకికో కాళ్ళకి నలభై నిమిషాలు. పడితే పడింది, ముందే బయలుదేరితే సరి అనుకుంది. మొదటి రోజు పదకొండింటికే డబ్బా పట్టుకుని బయలుదేరింది. కొత్త తారు మీద సైకిళ్ళు జారిపోతున్నాయి. ఎదురుపడినవాళ్ళంతా ఆగి, "మీ చలవేనట కదండీ" అంటున్నారు. ఆమె ప్రతివాళ్ళకీ తల వంచింది.

వెనక గుమ్మంలోంచి గదిలోకి అడుగుపెట్టేసరికి అప్పుడే రైలు పోయింది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. కన్‌జి కిటికీ చువ్వలు పట్టుకుని, కంచె వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఇసోబె గారూ, మీ ఆవిడ వచ్చారు" అంది నర్సు, అతన్ని ఇంటిపేరుతో పిలిచి.

అతను వెనక్కి తిరిగి తొకికోని కింద నుంచి పైదాకా చూశాడు. మర్యాదగా తల వంచాడు. "కాదండీ. మా ఆవిడ అటునుంచి వస్తుంది" అని మళ్ళీ కిటికీకి తిరిగాడు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ముద్ద నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. నాలుగో రోజుకి బుగ్గలు లోపలికి పోయాయి. "ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి" అన్నాడు డాక్టరు. ఈసారి నవ్వలేదు.

అయిదో రోజు తొకికో కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, అతని పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది, పరాయి మగవాడితో మాట్లాడినట్టు గొంతు సవరించుకుంది.

"మీ ఆవిడ నన్ను పంపారండీ. ఇవాళ తనకి రావడం కుదరదట. తినిపించి రమ్మన్నారు."

కన్‌జి కిటికీ నుంచి ఇటు తిరిగాడు. "ఒంట్లో బాగానే ఉందా తనకి?"

"బాగానే ఉన్నారు."

"మళ్ళీ ఎప్పుడొస్తానంది?"

తొకికో చెంచాతో టోఫు తుంచింది.

"చెప్పలేదండీ" అంది.

అతను సరేనని తలూపి, నోరు తెరిచాడు.