మగ్గం ఆగిందని మందు ఆపాను

ఆ ఉదయం రాట్నం ఇనప కదురు మొన నా కూతురి అరచేతిలో దిగింది. పిల్ల అమ్మా అనలేదు. ఎనిమిదేళ్ల సుంకులమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ చెయ్యి ఆపి, గోడకేసి చూస్తూ, పెదవులు చప్పరిస్తూ కూర్చుంది. నా భార్య నరసమ్మ కేకేసింది.

“బిరీన రా అప్పా. పాప చేతిలో రగతం కారతాండాది, దానికి తెలుస్తానే లేదు.”

నేను మగ్గం గుంటలోంచి లేచి వచ్చేసరికి పిల్ల చెయ్యి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది.

అప్పటికి ఆరు నెలలుగా అది చుట్టిన కండెల్లో నూలు ఒకచోట వదులుగా, ఒకచోట చిక్కుపడి వస్తుండేది. నేస్తుంటే పోగు తెగేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పరాకు ముండ అని తిట్టి, మగ్గంలో నూలు అటూ ఇటూ తీసుకుపోయే కర్ర నాడె తిరగేసి దాని వేళ్లమీద కొట్టేవాణ్ణి. కోడుమూరులో మా మగ్గాల వీధిలో నాకూ అలాగే పని నేర్పారు. ఎన్నిసార్లు కొట్టానో చెప్పలేను.

మా మేనత్త గాలి సోకిందంది, వాత పెట్టించమంది. పెట్టించాను. పిల్ల కాళ్లు పట్టుకున్నది నేనే. నెల తిరక్కుండా మళ్లీ అదే చూపు, రోజుకు ఏడెనిమిదిసార్లు. ఇక దిక్కుతోచక కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరుగారు మోకాలిమీద చిన్న సుత్తితో తట్టారు, కళ్లలోకి టార్చి వేసి చూశారు. “ఇది పరాకు కాదయ్యా. ఎపిలెప్సీ. చిన్న ఫిట్స్. ఆ కాసేపు పిల్లకు ఏమీ తెలియదు” అన్నారు. తర్వాత చెయ్యి పట్టుకుని, “ఈ వేళ్లకేమైంది?” అని అడిగారు. నేను నేల చూశాను.

బ్రోమైడ్ మిక్చర్ ఇచ్చారు. మేం తెచ్చిన సీసాలోనే పోసి, డోసుకొక గీత చొప్పున కాగితం కత్తిరించి అంటించారు. ఒక్క డోసు కూడా మానొద్దన్నారు.

రెండు నెలల్లో ఆ చూపు తగ్గింది. కండెలు నున్నగా రాసాగాయి. పిల్ల పాటలు పాడుకుంటూ చుట్టేది.

అంతలో ప్రపంచ యుద్ధం వల్ల నూలు రావడం ఆగింది. మగ్గం నిలిచింది, రాట్నం అటకెక్కింది. అప్పుడు నాకు పాడు తెలివి పుట్టింది. మేం ఫిట్స్ చూసిందంతా రాట్నం దగ్గరే. అమావాస్యనాడు మగ్గానికి సెలవు కదా అని ఆ పూటలు మందు మానేసినా ఏమీ కాలేదు. ఈ జబ్బు పనితోనే వస్తుందనుకున్నాను.

“డాక్టరు మానొద్దన్న్యాడు గదప్పా” అంది నరసమ్మ.

“పనే లేకపోతే మందు యాలనే? నూలొచ్చినాక తాపుదాం లే.”

మూడో వారంలో ఒకనాడు జొన్నరొట్టె తింటూ పిల్ల పక్కకు ఒరిగింది. ఒళ్లంతా కొట్టుకుంది. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలయ్యేది. కర్నూలు బస్సు కోసం నడి ఎండలో రోడ్డుమీద కూర్చున్నాం. నరసమ్మ నా ముఖం చూడలేదు. హంద్రీ ఏట్లో దూకి చద్దామన్నా అందులో నీళ్లు లేవు. ఆ రోజు నన్ను నేను అసహ్యించుకున్నంతగా ఎవరినీ అసహ్యించుకోలేదు.

“మందు ఆపావా?” అన్నారు డాక్టరుగారు. తలూపి, మగ్గం ఆగిందని ఆపానన్నాను. “జబ్బు మెదడులో ఉంటే, మగ్గం చూసి మందు పోస్తావా?” అన్నారు.

మూడు రోజులకు కళ్లు తెరిచింది. నాయనా అనడానికి రెండు వారాలు పట్టింది.

ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. కుడి చెయ్యి సరిగా లేవదు. అంకెలు మరిచిపోయింది, పాటలు మరిచిపోయింది. నెలకొకటి రెండు ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. మగ్గం ఆడినా ఆడకపోయినా మందు పోస్తున్నాం. మేం పోయాక ఎవరు పోస్తారో తెలియదు.

ఇలాంటి బిడ్డలున్నవాళ్లకు ఒకటే చెబుతాను. తగ్గిందని మీ అంతట మీరు మందు ఆపకండి, సీసాలో నాలుగు గీతలు మిగిలి ఉండగానే ఆసుపత్రికి బయలుదేరండి.

నా బిడ్డ అన్నీ మరిచిపోయింది. నేను నాడె చేతికి తీసుకుంటే మాత్రం ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లు కప్పుకుంటుంది.