సముద్రంలో కనిగిరి

1986 జూలైలో నన్ను మా హైస్కూలుకి కంప్యూటర్ ఇన్‌ఛార్జిగా నియమిస్తూ మేనేజ్‌మెంటు వారి ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను అక్కడ లెక్కల అసిస్టెంటుగా పదకొండేళ్ళు పూర్తి చేశాను. ఉత్తర్వు వల్ల నాకు పీరియడ్లు తగ్గలేదు, హోదా పెరగలేదు. ‘అదనపు బాధ్యత’ అన్న మాట మాత్రం రెండుసార్లు టైపు చేసి ఉంది. గుంటూరు నుంచి ప్రత్తిపాడు దాటాక వచ్చే ఊళ్ళలో ఒకటది. బడి ఎయిడెడ్ మిషన్ హైస్కూలు. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చేవాళ్ళ పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు, చదివితే నా మీద అలుగుతారు.

బడిపిల్లలకి కంప్యూటర్ పరిచయం చేయాలని కేంద్ర ప్రభుత్వం ఆ రోజుల్లో ఒక పథకం పెట్టింది. ఎంపికైన బడికి కంప్యూటర్లు ఇచ్చి, ఆ బడి టీచర్లలో ఒకరిద్దరికి దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీలో మూడు వారాల శిక్షణ ఇచ్చేవారు. ఆ కాలేజీని వనరుల కేంద్రం అనేవారు. యంత్రాలు చెడితే బాగుచేయించడం, బడులకి వచ్చి తనిఖీ చేయడం ఆ కేంద్రం పని. తనిఖీకి వచ్చే ప్రొఫెసరుగారి హోదా సమన్వయకర్త. మా బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. శిక్షణకి వెళ్ళింది నేనొక్కదాన్నే. రెండో పేరు సైన్సు మాస్టారిది. ఆయన కరెంటు వస్తువంటే ఆమడ దూరం పారిపోయేవారు.

ఇప్పటివాళ్ళకి ఆ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. టైపు మీటలున్న ఒక పెట్టె, దానికి తగిలించిన రంగుల టీవీ, అంతే కంప్యూటర్. కరెంటు పోతే అందులో ఉన్నదంతా పోతుంది. మనం రాసిన ప్రోగ్రాం, అంటే పది, ఇరవై, ముప్ఫై అని వరస నంబర్లు వేసి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞల జాబితా, దాచుకోవాలంటే మామూలు టేపురికార్డరు తగిలించి మామూలు పాటల క్యాసెట్ మీదే రికార్డు చేసుకోవాలి. మళ్ళీ కావలసినప్పుడు ఆ టేపు తిప్పితే ప్రోగ్రాం తిరిగి యంత్రంలోకి ఎక్కుతుంది.

వనరుల కేంద్రం ఇచ్చిన పాఠాల క్యాసెట్లు ఇంగ్లీషులో ఉండేవి. వాటిలో ఊళ్ళు కూడా మా పిల్లలు కలలోనైనా చూడనివి. వారం రోజులకే అందరికీ విసుగొచ్చింది. అందుకని తొమ్మిదో తరగతి చేత సొంతంగా ఒక పని చేయించాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల పటం మీద గ్రాఫు గళ్ళు గీసి, సరిహద్దులు ఎక్కడ వంపు తిరిగితే అక్కడి కొలతలు అడ్డం ఇంత, నిలువు ఇంత అని తీయించాను. ఆ కొలతలతో తెరమీద పటం గీసే ప్రోగ్రాం రాశారు. మీట నొక్కితే పటంలో ఊరు వెలిగి ఆరుతుంది. ఒక మీటకి గుంటూరు, ఒక మీటకి ప్రత్తిపాడు, ఒక మీటకి కనిగిరి. సెప్టెంబరులో మొదలుపెడితే నవంబరు చివరికి అరవై పైచిలుకు లైన్లయింది. మొదటిసారి తీరం వంకర లేకుండా వచ్చిన రోజున క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

డిసెంబరు మొదట్లో సర్క్యులర్ వచ్చింది. సమన్వయకర్తగారు ఫలానా గురువారం తనిఖీకి వస్తున్నారు, విద్యార్థులు స్వయంగా చేసిన పని చూపించాలి, చూపించలేని బడి నుంచి యంత్రాలు వెనక్కి తీసుకుని వేరే బడికి కేటాయిస్తారు. గుంటూరు టౌనులో ఒక బడి మా యంత్రాల కోసం కాచుకుని ఉందని అప్పటికే విన్నాం. మా పిల్లల్లో సగం మంది కూలికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు. ఆ రెండు యంత్రాలూ వెళ్ళిపోతే వాళ్ళకి మళ్ళీ కంప్యూటర్ ముట్టుకునే రాత ఉండదని నాకు తెలుసు. ఏమైనా సరే పోనివ్వకూడదనుకున్నాను.

ఆ వారం సోమవారం పొద్దున పటం క్యాసెట్ వేశాను. తెరమీద ‘వెతుకుతున్నాను’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పడింది. అది వెతుకుతూనే ఉంది, ఎంతకీ దొరకలేదు. శబ్దం పెంచాను, తగ్గించాను, టేపురికార్డరు హెడ్డు స్పిరిటుతో తుడిచాను. చివరికి కంప్యూటర్‌కి తగిలించిన తీగ పీకేసి, అసలు క్యాసెట్‌లో ఏముందో విందామని మామూలుగా పెట్టాను. ప్రోగ్రాం ఉన్న టేపు అలా వింటే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ఇది కీచుమనలేదు. హార్మోనియం వినబడింది, ఆ వెనక పదిమంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు క్రిస్మస్ కీర్తన అందుకున్నారు.

రెండో బెంచీలో ఉన్న సువార్త గభాలున లేచి, “టీచరండీ, అది మా అమ్మ గొంతండీ!” అంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఊళ్ళో చర్చి పాటల బృందాన్ని, కోయిర్‌ని, నడిపేది మా ప్రధానోపాధ్యాయుడు దేవదానంగారే. కంప్యూటర్ గదికి తాళం వేసేదీ ఆయనే. పద్ధతి తప్పని మనిషి. శనివారం టేపురికార్డరు ఇంటికి తీసుకెళుతూ వస్తువులు బయటికి వెళ్ళే రిజిస్టరులో తన చేత్తోనే నమోదు చేశారు: ‘టేపురికార్డరు ఒకటి, క్యాసెట్ ఒకటి, చెడిపోయినది.’ ఆదివారం సాయంత్రం తిరిగి జమ చేసినట్టు సంతకం కూడా ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రిజిస్టరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళిన తీరుకి నిజానికి నాకు మెమో ఇవ్వాలి. ఆయన రిజిస్టరు అందుకుని బల్ల మీద పెట్టారు.

“వేసి చూశానమ్మా కమలకుమారీ. ఒకటే కీచు. టేపు పాడైపోయింది, పారెయ్యడం ఎందుకులే, పాట నేర్చుకోడానికైనా పనికొస్తదనుకున్నా. పిల్లల పని అందులో ఉందని నాకెట్టా తెలుసు?” అన్నారు. “తప్పు నాదేనని రాసిస్తా, సమన్వయకర్తగారు రాగానే ఇద్దాం” అని కాగితం కోసం సొరుగు లాగారు.

రాసిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ‘యంత్రాల సంరక్షణలో లోపం’ అని రిపోర్టు వెళుతుంది, దానితో పాటే యంత్రాలూ వెళతాయి. పైగా తప్పు ఆయనొక్కరిదే కాదు. క్యాసెట్ వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇక రికార్డు పడదు. విరవమని శిక్షణలో మాకు నొక్కి చెప్పారు. వారం వారం కొత్త లైన్లు కలుపుతున్నాం కదా, అంతా అయ్యాక విరుద్దామని నేనే ఊరుకున్నాను. రెండో కాపీ కూడా తీయలేదు. గురువారం దాకా ఆగండి మాస్టారూ అని చెప్పి వచ్చేశాను.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పుకోవాలి. ప్రోగ్రాంలు నోట్సులో రాయించొద్దని, పిల్లలు మీటల ముందే ఆలోచించాలని శిక్షణలో ఖండితంగా చెప్పారు. వాళ్ళ లెక్క వాళ్ళది. నాకు నలభై రెండు మంది పిల్లలు, రెండు యంత్రాలు, రోజుకి రెండు మూడు గంటలు కరెంటు కోత. మీటల ముందు కూర్చునే వంతు ఒక్కొక్కరికి వారానికి అయిదారు నిమిషాలు కూడా వచ్చేది కాదు. అందుకని పాత లెక్కల టీచరు అలవాటు చొప్పున ప్రతి లైనూ నోట్సులో రాయించాను, ఆ లైను ఏం గీస్తుందో పక్కనే గ్రాఫు కాగితం మీద వేయించాను. తనిఖీకి వచ్చేవాళ్ళ కంట పడితే నామోషీ అని ఆ నోట్సులు బడికి తీసుకురావద్దని కూడా చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం తిండి బెల్లులో అందర్నీ ఇళ్ళకి పరుగెత్తించి నోట్సులు తెప్పించాను. పత్తి తీతల రోజులవి. నోట్సు మొత్తం ఉన్నవాళ్ళు ఒక్కరు లేరు. తీతకి వెళ్ళిన రోజు ఖాళీ, వచ్చిన రోజు రాత. ఒకరిలో లేనిది ఇంకొకరిలో వెతికి లైన్లు పేర్చాం. ఒకే లైనుకి ఇద్దరి నోట్సుల్లో వేరే వేరే అంకెలు కూడా కనబడ్డాయి. అప్పుడు సువార్త తన నోట్సు నా ముందు పెట్టింది. వాళ్ళమ్మతో పాటు తీతకి వెళ్ళే పిల్ల కాబట్టి అందరికంటే ఎక్కువ రోజులు మానింది తనే. మానిన లైన్లు ఇద్దరి దగ్గర కాపీ చేసుకుంది. తేడా వచ్చిన చోట రెండు అంకెలూ గ్రాఫు మీద వేసి, పటానికి సరిపోయినదాన్ని ఉంచి రెండోది కొట్టేసింది. నేను చెప్పని పని అది. ఆ నోట్సు చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మంగళవారం పిల్లలు వంతులవారీగా టైపు కొట్టారు. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం, ఒకరు తెర చూడటం. నలభై లైన్లు అయ్యాక కరెంటు పోయింది. మధ్యలో క్యాసెట్ మీద దాచుకోలేదు, మొత్తం పోయింది. బుధవారం మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి పదేసి లైన్లకోసారి కొత్త క్యాసెట్ మీద దాచాం. సాయంత్రానికి ఊళ్ళ లైన్లు మాత్రం మిగిలాయి.

గురువారం పొద్దున నా ఓపిక నశించింది. పిల్లల్ని లేపేసి నేనే మీటల ముందు కూర్చున్నాను. సువార్త చదువుతోంది. నాలుగువందల ఇరవయ్యో లైను కొట్టి ముందుకెళ్ళబోతుంటే, “అది కాదేమో టీచరండీ” అంది. నోరు మూసుకుని తర్వాతది చదవమన్నాను. పిల్ల చదివింది. ఆఖరి లైను కొట్టి క్యాసెట్ మీద దాచీ దాచగానే కరెంటు పోయింది. నడిపి చూసుకునే వ్యవధి కూడా దొరకలేదు. మళ్ళీ కరెంటు వచ్చేసరికి సమన్వయకర్తగారి జీపు గేటు ముందు ఆగింది.

నడివయసు మనిషి, మాట నెమ్మది. స్టాకు రిజిస్టరు, వాడకం రాసే లాగ్‌బుక్కు వరసగా చూశారు, తర్వాత పిల్లల పని చూపించమన్నారు. టేపు తిరిగింది, ప్రోగ్రాం ఎక్కింది. తెరమీద ముందు తీరం గీసుకుంది, తర్వాత కృష్ణ వైపు సరిహద్దు, ఆపైన పడమటి అంచు. గుంటూరు వెలిగింది. ప్రత్తిపాడు వెలిగింది. మూడో మీట నొక్కితే తీరానికి ఇంకా అవతల, బంగాళాఖాతం మధ్యలో కనిగిరి వెలిగి ఆరడం మొదలుపెట్టింది.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, “కనిగిరికి పడవలో వెళ్ళాలా అండీ?” అని నన్నడిగారు.

సువార్త లేచింది. “నాలుగువందల ఇరవయ్యో లైను సార్. అడ్డం రెండువందల నలభై ఉండాలి, తొమ్మిదివందల నలభై పడింది. మా అక్కని ఇచ్చింది కనిగిరే సార్, అక్కడ కొండ మీద కోటుంది, సముద్రం లేదు” అంది. కొట్టింది టీచరని మాత్రం చెప్పలేదు. నేనే చెప్పాను.

ఆయన ఆ పిల్లని మీటల ముందుకి రమ్మన్నారు. సువార్త ఆ లైను మళ్ళీ కొట్టింది. కనిగిరి దాని చోటికి వచ్చింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. ఒంగోలు కూడా పెట్టగలవా అని అడిగారు. పిల్ల గ్రాఫు కాగితం చూసి కొలతలు తీసి, రెండు కొత్త లైన్లు కలిపి, ఒంగోలు వెలిగించింది. ఆయన నోట్సు తీసుకుని పేజీలు తిప్పారు, కొట్టేసిన అంకెల దగ్గర చాలాసేపు ఆగారు. “రాయించొద్దని చెప్పింది మేమే. ఈ నోట్సు చూసి ఉంటే చెప్పేవాళ్ళం కాదు” అన్నారు.

అంతా అయిపోయిందని నేను ఊపిరి పీల్చుకుంటుండగా దేవదానంగారు ముందుకొచ్చి జరిగిందంతా చెప్పేశారు. పాట ఉన్న క్యాసెట్టూ రిజిస్టరూ బల్ల మీద పెట్టారు. ఎందుకు చెబుతున్నారో నాకు అర్థం కాలేదు, నా కోపం మళ్ళీ పైకి లేచింది. సమన్వయకర్తగారు క్యాసెట్ పెట్టించుకుని పాట కొంతసేపు విన్నారు. రిజిస్టరులో ‘చెడిపోయినది’ అన్న మాట దగ్గర వేలు పెట్టి పెద్దగా నవ్వారు. నవ్వు ఆగాక, “టీచర్లకి మూడు వారాలు చెప్పాం మాస్టారూ. మీకు మూడు నిమిషాలు కూడా చెప్పలేదు” అన్నారు.

తనిఖీ రిపోర్టులో ఆయన రాసిన వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ‘యంత్రాలు వాడకంలో ఉన్నవి. విద్యార్థుల పని వారి సొంతమే. యంత్రాలు ఈ పాఠశాలలోనే ఉంచవలెను. ప్రతి క్యాసెట్‌కు రెండు కాపీలు తీసి పలకలు విరవవలెను.’ జీపు వెళ్ళిపోయాక స్టాఫురూములో కూర్చుని మంచినీళ్ళు తాగాను. గుండెల మీంచి బండ దించినట్టయింది. సోమవారం అరిచినందుకు దేవదానంగారి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన, “పాట బాగానే వచ్చింది కదమ్మా” అన్నారు.

తర్వాతి ఏళ్ళలో వేసవి శిక్షణకి నన్నే రిసోర్సు పర్సనుగా పిలిచారు. అక్కడ నేను రెండు పద్ధతులు పాటించాను. పిల్లలెవరన్నా ‘ఈ లైను తప్పు’ అంటే, నాకెంత తొందర ఉన్నా చేతులు మీటల మీంచి తీసేసేదాన్ని. రెండోది, షెడ్యూల్లో లేకపోయినా మొదటి పూట ప్రధానోపాధ్యాయుల్ని, అటెండర్లని పిలిపించి ముందు బెంచీల్లో కూర్చోబెట్టేదాన్ని. ప్రోగ్రాం ఉన్న క్యాసెట్ తీగ పీకేసిన టేపురికార్డర్లో పెట్టి ఆ కీచు రెండు నిమిషాలు పూర్తిగా వినిపించేదాన్ని. చెవులు మూసుకున్నవాళ్ళని మూసుకోనిచ్చేదాన్ని కాదు. ఇది పాడైన టేపు కాదు, మీ బడి పిల్లలు మూడు నెలలు చేసిన పని అని చెప్పి, అప్పుడు టీచర్లకి పాఠం మొదలుపెట్టేదాన్ని.